అడుగు పొడవు విక్రాంత్



మా దాచేపల్లికి సముద్రం బహుదూరం. మాకు తెలిసిన నీళ్ళు ఊరి పక్క నాగులేరు, పొందుగల దగ్గర కృష్ణమ్మ. అటువంటి ఊళ్ళో, తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేసిన నేను, వసారాలో బల్ల వేసుకుని యుద్ధనౌక నమూనా కట్టడానికి కూర్చున్నానంటే చూసినవారు నవ్వుకోవడం సహజమే. "వ్యాకరణం అయిపోయిందండీ, ఇక వడ్రంగం మొదలా?" అంది మా ఇంటావిడ.

దీనికంతటికీ కారణం నా పాత శిష్యుడొకడు. నౌకాదళంలో పనిచేస్తున్నాడు. సెలవుల్లో వచ్చి, ఒక పెట్టె నా చేతిలో పెట్టి, "మాస్టారూ, ఎనిమిదో తరగతిలో మీరు చెప్పిన విక్రాంత్ కథ విన్నాకే నాకు నేవీ మీద మనసు పోయింది. అందుకే ఇది తెచ్చాను" అన్నాడు. పొంగిపోయాను. ఆ కథలో నేను చెప్పినది చాలామటుకు తప్పని అప్పటికి నాకు తెలియదు.

పెట్టెలో ఉన్నది విమానవాహక నౌక విక్రాంత్ కిట్టు, 700వ వంతు కొలత. అసలు ఓడ పొడవు 700 అడుగులు. కనుక నమూనా సరిగ్గా ఒక అడుగు! లెక్కల మాస్టారి సాయం లేకుండా నేను చేయగలిగిన లెక్క అదొక్కటే. ఈ కొలతలో మనిషి రెండున్నర మిల్లీమీటర్లకు మించడు. సీ హాక్ విమానం చిటికెనవేలి గోరంత. నిచ్చెనలు, కమ్మీలు పలుచటి ఇత్తడి రేకులో చెక్కి ఇచ్చారు. వాటిని బ్లేడుతో వేరుచేసి, పట్టకారుతో వంచి, సూదిమొనతో జిగురు తాకించి అతికించాలి. ఊపిరి గట్టిగా వదిలితే ఒక నిచ్చెన ఎగిరిపోతుంది. ఏరియల్ తీగల కోసం, కిట్టులో మిగిలిన ప్లాస్టిక్ కాడను కొవ్వొత్తి మంట మీద మెత్తబరిచి లాగితే వెంట్రుకంత దారం వస్తుంది. మా శిష్యుడు నేర్పిన విద్యే ఇది.

మూడు వారాలు గడిచాక, ముందుభాగాన పైకి లేచిన వాలును అతికించి, వాడికి ఫోటో పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. "బాగుంది మాస్టారూ. కానీ ఇది ఏ రోజు విక్రాంత్?"

ఓడకు రోజేమిటని అడిగాను. వాడు వివరించాడు. ఆ వాలు 1980ల చివర అమర్చినది. 1983లో వచ్చిన సీ హారియర్ విమానాలు ఎగరడానికి వీలుగా దాన్ని పెట్టారు. 1971 నాటి డెక్కు చదునుగా ఉండేది. సీ హాక్‌లనూ, ఆలిజేలనూ ఆవిరితో పనిచేసే కాటపుల్టు ముందుకు విసిరేది. నా డెక్కు మీద ఉన్నవి సీ హాక్‌లు, ముందున్నది హారియర్ల వాలు! ప్రాచీన కావ్యంలో గడియారం పెట్టినంత తప్పు. వాలును కోసి, గరుకు కాగితంతో అరగదీయడానికి రెండు రోజులు పట్టింది.

సరే, 1971 డిసెంబరు 4 అని నిర్ణయించుకున్నాను. వెనుక ఒక అట్ట మీద విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండను చిత్రించాలని కూడా అనుకున్నాను. ఎందుకంటే నేను పిల్లలకు ఏళ్ళ తరబడి చెప్పిన కథ ఇది: విక్రాంత్ విశాఖ రేవులో ఉండగా పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ దాని మీదికి వచ్చింది, విక్రాంత్ దాన్ని ముంచేసింది. మొదట ఎక్కడ విన్నానో గుర్తులేదు. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. నేను ఇంకొంచెం రంగు పూసేవాణ్ణి.

కొండ బొమ్మ వేయడానికి ఓడ ఏ దిక్కుకు నిలిచి ఉండేదో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. ఆ రోజు విక్రాంత్ విశాఖలో లేనే లేదు. దాన్ని అంతకుముందే రహస్యంగా అండమాన్ దీవులకు పంపారు. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్, రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్ చేత విక్రాంత్ వేషం వేయించారు. పెద్ద ఓడ ఉన్నట్టుగా వైర్‌లెస్ సందేశాలు, పెద్ద ఓడకు సరిపడా తిండిసామాను కొనుగోళ్ళు, అంతా నాటకం. నవంబరు 14న కరాచీలో బయలుదేరిన ఘాజీ లేని ఓడ కోసం విశాఖ ముందు వెతికింది. డిసెంబరు 3-4 అర్ధరాత్రి మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లనని మన నౌకాదళం, లోపలి పేలుడో, తాను పరిచిన మందుపాతరో కారణమని పాకిస్తాన్ చెబుతూ వచ్చాయి. అందులో ఉన్న తొంభైమందికి పైగా నావికులలో ఒక్కరూ బతకలేదు. నా కథలో వాళ్ళెన్నడూ మనుషులుగా కనబడలేదు. చప్పట్లు కొట్టించానే గాని, ఆ సంగతి పిల్లలకు చెప్పలేదు.

మరొక సంగతి. విక్రాంత్‌కు ఉన్న నాలుగు బాయిలర్లలో ఒకదానికి అప్పటికే పగుళ్ళు. వేగం తగ్గించుకుని నడవవలసిన స్థితి. విమానం లేవాలంటే డెక్కు మీద ఎదురుగాలి కావాలి, ఆ గాలి ఓడ వేగం నుంచే వస్తుంది. ఆ కుంటినడకతోనే డిసెంబరు 4న దాని సీ హాక్‌లు కాక్స్‌బజార్ మీదా, ఆ తరువాత చిట్టగాంగ్ మీదా దాడి చేశాయి. నేను కల్పించిన శౌర్యం కన్నా ఈ నిజం ఎంత పెద్దదో చూడండి! నమూనాలో ఆ బాయిలర్ కనబడదు. పొట్టలో ఎక్కడో ఉంటుంది.

కొండ బొమ్మ మానేశాను. వెనుక ఉత్త సముద్రమే ఉంచాను.

అసలు ఓడ ఇప్పుడు లేదు. 1943లో బ్రిటన్‌లో హెర్క్యులీస్ పేరుతో నిర్మాణం మొదలై, యుద్ధం ముగిశాక సగంలో ఆగి, 1957లో మనం కొంటే బెల్‌ఫాస్ట్‌లో పూర్తయి, 1961 మార్చి 4న విక్రాంత్ అయింది. 1997 జనవరి 31న సెలవు తీసుకుంది. ముంబయిలో కొన్నేళ్ళు ప్రదర్శనశాలగా ఉండి, 2014లో తుక్కు కింద విరగ్గొట్టడం మొదలైంది. దాని లోహాన్ని కొంత కరిగించి 2016లో ఒక మోటారు సైకిలు కంపెనీ బండ్లు చేసింది. 2022 సెప్టెంబరు 2న అదే పేరుతో కొచ్చిలో కొత్త నౌక ప్రవేశించింది.

అసలు పోయాక నమూనా మిగలడం మా పల్నాటివారికి కొత్త కాదు. నాగార్జున సాగరంలో మునిగిన ఇక్ష్వాకుల లోయను ఈనాడు మనం కొండ మీది మ్యూజియంలో ఉన్న నమూనాలోనే చూస్తున్నాం. మునిగినదాన్ని చూపే బొమ్మకు కొలత సరిగా ఉండాలి. లేకపోతే, చూసినవాడు తప్పునే నిజమనుకుని ఇంటికి వెళతాడు. నా తరగతిలో కూర్చున్న పిల్లలు అలాగే వెళ్ళారు.

నమూనా పూర్తయ్యాక శిష్యుడికి ఉత్తరం రాశాను, ఫోన్‌లో చెప్పలేక. నేను చెప్పిన కథ తప్పు, నిజం ఇది, అని. వాడు జవాబిచ్చాడు: "నేవీలో చేరిన మొదటి ఏడే తెలిసింది మాస్టారూ. మీరు బాధపడతారని చెప్పలేదు."

అంటే, కొండ బొమ్మ సంగతి ముందే తెలిసీ ఊరుకున్నాడన్నమాట. పండితుడికి పాఠం చెప్పడానికి వాడు అడుగు పొడవున్న ఓడను పంపాడు.

స్వస్తి.