వ్యావహారిక భాషోద్యమం – ఉపాధ్యాయ శిక్షణ

వ్యావహారిక భాషోద్యమాన్ని సాహిత్యచరిత్రకారులు ప్రధానంగా గ్రంథరచనకు సంబంధించిన వివాదంగా పరిగణించినారు. అది తరగతి గదిలో పుట్టిన ప్రశ్న అన్న సంగతి గమనింపదగినది.

1906–07 ప్రాంతంలో ఉత్తర సర్కారులకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె. ఏ. యేట్స్‌కు జనుల నోటి తెలుగు వేరు, బడిపుస్తకాల తెలుగు వేరుగా ఉండడం వింతగా తోచినది. ఆ ప్రశ్నను ఆయనతో పాటు గురజాడ అప్పారావు, పి. టి. శ్రీనివాస అయ్యంగారు, గిడుగు రామమూర్తి చేపట్టినారు. వీరు మువ్వురూ బోధనానుభవం కలవారే.

1863లో ముఖలింగక్షేత్రం చెంత పర్వతాలపేటలో జన్మించి, విజయనగరంలో చదివి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన రామమూర్తిగారికి ఈ సమస్య కొత్తది కాదు. ఆయన సవరభాషను స్వయంగా అభ్యసించి, సవర బాలుర కొరకు వాచకాలు వ్రాసి, బడులు పెట్టినారు. శిష్యుని భాష తెలియని గురువు శిక్షణ అసంపూర్ణమన్న సూత్రం ఈ కృషిలోనే ఇమిడి ఉన్నదని నా అభిప్రాయం.

1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతిపత్రం సమర్పించేనాటికి వాదం గ్రంథభాష మీదికి మళ్లినది. కాలక్రమాన పుస్తకభాష మారినది. కాని శ్రీకాకుళ, విజయనగర పట్టణాల బడులకు వచ్చే బాలుని ఇంటిమాటను తప్పుగా ఎంచక, దాని నుండే పాఠభాషకు నడిపించే నేర్పు శిక్షణలో భాగమైనప్పుడే యేట్స్ ప్రశ్నకు సమాధానం పూర్తి కాగలదు.