జనగేయములలో అర్థపరిణామము: ఎల్.బి.నగర్ కూడలి నుండి ఒక పరిశీలనము

ప్రసిద్ధ గేయమునకు అర్థము చెప్పుట పద్యమునకు తాత్పర్యము చెప్పుటకంటె తేలిక యను భావము మన తరగతిగదులలో పాతుకొనియున్నది. పదములు సులభములు, అన్వయము సరళము. ఇక చెప్పవలసిన దేమున్నదని అందురు. ఇది సరి కాదని నా అభిప్రాయము. జనగేయమున కఠినమైనది పదము కాదు. ఆ పాట ఎవరి నుద్దేశించినది, విన్నవారు తమ్ము తా మెవరనుకొని వినిరి అనునదియే కఠినము. రెండు గేయముల మూలమున దీనిని చూపుటకు యత్నింతును.

ముందుగా స్థలమును గూర్చి ఒక మాట. విజయవాడ మార్గమును, నాగార్జునసాగర్ మార్గమును హైదరాబాదునకు తూర్పున ఎల్.బి.నగర్ కూడలియొద్ద చీలును. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము ప్రాంతములనుండి నగరమునకు వచ్చువారిలో అధికులు ఈ కూడలిమీదుగనే వత్తురు. దానికి పడమట, కొన్ని మైళ్ళ దూరముననున్న దిల్‌సుఖ్‌నగర్ పోటీ పరీక్షల శిక్షణాలయములకును, విద్యార్థుల వసతిగృహములకును పేరుపడినది. ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారము 2007లో మహానగరపాలక సంస్థలో విలీనమగువఱకు వేఱు పురపాలకములు. అనగా ఇది నగరపు అంచు, పల్లె మొదలు. ఇచ్చటి యువకులలో పెక్కురు ఊరి పాటను వెంటబెట్టుకొని వచ్చినవారే.

మొదటి గేయము తెలంగాణ సాయుధ పోరాట కాలమున (1946-51) పుట్టి, బండి యాదగిరి రచనగా ప్రసిద్ధికెక్కినది; వరుసగా కదలివచ్చు ఎడ్లబండ్ల చిత్రముతో ఆరంభమగును. అందు సంబోధన సూటిగా నిజాము ప్రభుత్వమునకే. సంబోధ్యుడైన ఆ ప్రభుత్వము 1948 సెప్టెంబరు 17న లొంగిపోయెను. పాట మాత్రము లొంగలేదు. గౌతం ఘోష్ దర్శకత్వమున 1979లో నిర్మితమైన ‘మా భూమి’ చిత్రములో గద్దరు దీనిని పాడగా తెలుగుదేశమంతయు వినెను. అప్పటికి ఆ పాలన అంతరించి ముప్పది యేండ్లు. అయినను 1978లో జగిత్యాల ప్రాంతమున చెలరేగిన రైతాంగ ఆందోళనను ఎఱిగినవారికి ఆ పిలుపు తమ యూరి దొరకే తగిలినట్లు తోచియుండును. ప్రత్యేక రాష్ట్రోద్యమ సభలలో అదే సంబోధన నాటి రాష్ట్ర పాలకులపైకి మరలెను. అదే ఉద్యమమున నిజాము పాలనను మెచ్చుకొనినవారును ఉండిరి! ఇది వైరుధ్యముగా తోచవచ్చును కాని, సంబోధన పదము వ్యక్తినామముగా గాక పీఠనామముగా మాఱినదని గ్రహించినచో వైరుధ్యము లేదు.

రెండవ గేయము ఇంతకంటె చిక్కైనది. గోరటి వెంకన్న పల్లె దుఃఖమును గూర్చి రచించిన ఆ పాట ‘కుబుసం’ చిత్రము (2002) మూలమున ఇంటింటికి చేరెను. అందు కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె మొదలగువారి పనిముట్లు ఒకటొకటిగా మూలబడును. నగరపు మద్యమును, సీసాలలోని శీతల పానీయమును ఊరు చేరును. పల్లె యేడ్పునకు కారణము కంటికి కానరాని కుట్ర యని పల్లవి చెప్పును. ఆ కుట్రకు కర్త ఎవరో పల్లవిలో లేదు, ప్రాంతనామమును లేదు.

ఇచట ఒక చిన్న ముచ్చట. ఆ పాటలోని ‘వాము’ నిఘంటువులలో ‘ఆవము’గా కనిపించు కుమ్మరి కుండలు కాల్చు చోటు. నగరమున పెరిగిన విద్యార్థికి వాము అనగా వంటింటి దినుసు. రైతుబిడ్డకు గడ్డివాము. ఈ మూడింటిలో మొదటిది తెలియనివానికి, అందు తుమ్మచెట్లు మొలచుట యేల దుఃఖకరమో తెలియదు. కుండలు కాలక యెన్నియేండ్లయినదో ఆ తుమ్మల యెత్తే చెప్పును.

కర్త లేని వాక్యమునకు కర్తను పూరించువాడు శ్రోత. పాటలోని పానీయముల ప్రస్తావననుబట్టి చూడగా, 1991 నాటి నూతన ఆర్థిక విధానము వెంట పల్లెకు వచ్చిన విపణియే ఆ కర్త యనుట సమంజసము. కాని 2009 తరువాత ఉద్యమ సభలలో విన్నవారు ఆ స్థానమున పరప్రాంత పాలకులను నిలిపిరి. వారు తప్పుగా వినిరనుట న్యాయము కాదు. ఎందుకనగా ఆ వినికిడి సామాన్యమైన కాలమున జరుగలేదు. 2009 నవంబరు 29న, నల్లగొండ జిల్లా పొడిచేడు గ్రామమునకు చెందిన కాసోజు శ్రీకాంతాచారి ఎల్.బి.నగర్ కూడలిలోనే ఆత్మాహుతికి పూనుకొని, డిసెంబరు 3న మరణించెను. ఏ పాటయో దీనికి కారణమని చెప్పుట సాహసము, చెప్పరాదు. అయితే ఆ మరణము తరువాత పల్లె కన్నీటిని గూర్చిన పాటను ఈ కూడలికి దగ్గఱి వసతిగృహములలో విన్న యువకులకు అది విపణిశాస్త్ర విషయముగా తోచియుండదు. నేడు ఆ కూడలిలో శ్రీకాంతాచారి విగ్రహము కలదు.

చరిత్రకారుడు జాగ్రత్తపడవలసిన చోటు ఇదియే. రెండవ గేయమును ప్రాంతీయ చైతన్యమునకు ఆదినుండియు సాక్ష్యమని చూపు వాదములు, ఉద్యమకాలపు వినికిడిని రచనాకాలమునకు ఆరోపించుచున్నవి. అది కాలవ్యత్యయము. మఱికొందఱు కవి యుద్దేశమే ప్రమాణమని, ఉద్యమపు వినికిడిని అపార్థమని త్రోసిపుచ్చుదురు. ఈ రెండవ దోషము మొదటిదానికంటె పెద్దది. వేలమంది కలిసి విన్న అర్థము కూడ చరిత్రలో జరిగిన సంఘటనయే గదా. పరిశోధక విద్యార్థి గేయపాఠము ప్రక్కన దాని రచనాకాలముతోపాటు, ఏ సభలో, ఏ యేట, ఎవరియెదుట పాడబడినదో వ్రాసికొనవలెను. మన సేకరణములలో ఈ వివరము తఱచు లోపించును. పాఠాంతరములు మాత్రము శ్రద్ధగా నిచ్చెదరు.

2014 జూన్ 2న ప్రత్యేక రాష్ట్రము ఏర్పడెను. మొదటి పాట సంబోధ్యుడు మరల మాయమయ్యెను. రెండవ పాటలో శ్రోతలు పూరించిన కర్తయు తొలగెను. అయినను ఆవములు తిరిగి రాజుకొనలేదు, తుమ్మలు అట్లే యున్నవి. పాటయు పాడబడుచునే యున్నది. దిల్‌సుఖ్‌నగర్ గదిలో దానిని నేడు వినునట్టి విద్యార్థి ఆ ఖాళీ స్థానమున ఎవరిని నిలుపుచున్నాడో అతనినే అడిగి వ్రాసికొనవలసియున్నది.