నెల్లూరు తీర ప్రాంత ఆహారం: పోషణ చరిత్ర

పెన్నా డెల్టా నుంచి పులికాట్ సరస్సు దాకా సాగే నెల్లూరు తీరంలో ప్రధానాహారం వరి అన్నం. మైపాడు, కృష్ణపట్నం వైపు సముద్రపు చేపలు, పులికాట్ రొయ్యలు, పీతలు దానికి తోడు. పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు వైపు మాత్రం చాలాకాలం జొన్న, సజ్జ, రాగులే తిండిగింజలు. ఈ తీరంలో పోషణ చరిత్రంతా బియ్యం దొరకడం గురించి కంటే, ఆ బియ్యాన్ని ఏం చేసి, దేనితో కలిపి తిన్నారన్న దాని చుట్టూనే తిరిగింది.

పెన్నా మీద 1855లో నెల్లూరు ఆనకట్ట, 1880లలో సంగం ఆనకట్ట కట్టాక డెల్టాలో వరి సాగు పెరిగింది. నెల్లూరు మొలగొలుకులు అనే వరి రకానికి పేరొచ్చింది. అయినా 1876–78 కరవు జిల్లాను వదల్లేదు. మనిషి బతకడానికి రోజుకు ఎంత తిండి కావాలన్న ప్రశ్న ప్రభుత్వ స్థాయిలో వాదనకు వచ్చింది ఆ కరవులోనే. 1877 ఆరంభంలో భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరవు పనుల కూలీని కుదించి, ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, పై ఖర్చుకు కొద్ది చిల్లర చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ ఒప్పుకోలేదు. పనిచేసే మనిషికి కనీసం పౌనున్నర ధాన్యం, దానితో పాటు పప్పు, కూరగాయలు ఉండాలని పట్టుబట్టాడు. కొన్ని నెలలకు కూలీ పెంచక తప్పలేదు. లెక్క వేస్తే న్యాయం కార్నిష్ వైపే ఉంది. 450 గ్రాముల బియ్యంలో ఉన్నది దాదాపు 1,550 కిలోకేలరీలు. బరువు పని చేసే 65 కిలోల పురుషుడికి 3,470 అవసరమని 2020 నాటి భారత వైద్య పరిశోధన మండలి సిఫార్సు.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో రైసుమిల్లులు పెరిగాయి. రోకటి దంపుడులో గింజ మీద కొంత తవుడు పొర మిగిలేది. మిల్లు దాన్ని పూర్తిగా చెక్కేసి బియ్యాన్ని తెల్లగా చేసింది. థయమిన్ అనే బి1 విటమిన్ ఎక్కువగా ఉండేది ఆ పొరలోనే. అది చాలకపోతే కాళ్ళు తిమ్మిరెక్కి, నరాలు పట్టుతప్పి, ఒళ్ళు నీరుపట్టి, చివరికి గుండె దెబ్బతింటుంది. అదే బెరిబెరి. జావాలో డచ్చి వైద్యుడు ఐక్‌మన్ 1890లలోనే కోళ్ళకు తెల్లబియ్యం పెట్టి ఈ ముడి పట్టుకున్నాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ జబ్బుకు పేరుపడ్డది నెల్లూరుకు ఉత్తరాన ఉన్న ఉత్తర సర్కారు కోస్తా. దక్షిణాన తమిళ జిల్లాల్లోనూ వరి అన్నమే, మిల్లు బియ్యమే. అక్కడ మాత్రం ఇది అరుదు. తేడా ఒక్క ఉడుకులో ఉంది. తమిళులు వడ్లను ఉడికించి, ఎండబెట్టి, ఆపైన మర పట్టించిన ఉప్పుడు బియ్యం తినేవారు. ఉడికేటప్పుడు బి1 గింజ లోపలికి ఇంకిపోతుంది కాబట్టి మిల్లు దాన్ని ఊడ్చుకుపోలేదు. తెలుగు తీరం తిన్నది పచ్చి బియ్యం. వంద గ్రాముల పచ్చి మర బియ్యంలో 0.06 మిల్లీగ్రాముల థయమిన్ ఉంటే, ఉప్పుడు మర బియ్యంలో 0.21 ఉంటుంది. పచ్చి బియ్యంలో ఉన్న ఆ కాస్తా కడుగునీళ్ళతో, వార్చిన గంజితో పోతుంది.

గంజి పారబోయని ఇళ్ళకు ఈ నష్టం తక్కువ. తీరపు మత్స్యకార పాలేల్లో రాత్రి మిగిలిన అన్నంలో గంజో నీళ్ళో పోసి ఉంచితే తెల్లారేసరికి పులిసి చద్దన్నమయ్యేది. ఉప్పు, పచ్చి ఉల్లిపాయ, నిప్పుల మీద కాల్చిన ఎండు చేప నంజుకుని తిని వేటకు వెళ్ళేవారు. బియ్యపు మాంసకృత్తుల్లో లైసిన్ తక్కువ. చేప ఆ లోటు తీరుస్తుంది. నెత్తళ్ళ వంటి చిన్న చేపలను ముళ్ళతో సహా తింటారు కాబట్టి కాల్షియమూ అందుతుంది. వంద గ్రాముల బియ్యంలో కాల్షియం 10 మిల్లీగ్రాములే. మెట్టవాళ్ళ రాగుల్లో అది 344. పేదల తిండి అని చిన్నచూపు చూసిన సంకటి ఈ లెక్కలో పెళ్ళి భోజనపు తెల్లన్నం కంటే ఎంతో మేలు.

మెట్టను వేరే జబ్బు పీడించింది. అప్పటి నెల్లూరు జిల్లాలో ఉండి, 1970లో కొత్త ఒంగోలు (తర్వాత ప్రకాశం) జిల్లాలోకి వెళ్ళిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో బావినీటి ఫ్లోరైడ్ ఎముకలను బిగదీస్తోందని షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1937లో ప్రకటించారు. భారతదేశంలో ఫ్లోరోసిస్ మీద తొలి నివేదిక అదే. పోషణ లెక్కలో తాగునీరు కూడా చేరింది.

బెరిబెరి పరిశోధనకే రాబర్ట్ మెకారిసన్ 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలుపెట్టిన విభాగం 1958లో హైదరాబాదుకు తరలింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. అది కూనూరులో ఉండగానే 1937లో దాని డైరెక్టర్ ఐక్రాయిడ్ వెలువరించిన భారతీయ ఆహారాల పోషక విలువల పుస్తకమే తర్వాతి పట్టికలకు మూలం. సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం రోజుకు పురుషుడికి 54 గ్రాములు, స్త్రీకి సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఇనుము మాత్రం పురుషుడికి 19 మిల్లీగ్రాములైతే స్త్రీకి 29. ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలింది తినే ఆడవాళ్ళకే ఈ అవసరం ఎక్కువ.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మెట్ట పళ్ళేల్లోకీ తెల్లన్నం తెచ్చింది. ఆకలి తగ్గింది, రాగి, సజ్జ వెనకబడ్డాయి. అదే దశాబ్దం చివర తీరంలో రొయ్యల చెరువులు మొదలయ్యాయి. ఆ రొయ్యల్లో ఎక్కువ భాగం ఎగుమతికే.

2020లలో రేషన్ దుకాణాల్లోకి పోషకాలు కలిపిన బియ్యం వచ్చింది. అందులో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 తప్పనిసరి. బి1 కలపడం మాత్రం నిబంధనల్లో ఐచ్ఛికమే.