చౌమహల్లాలో ఒక నికాహ్ - కొంత చరిత్ర

మన నేరేడ్‌మెట్‌లో పెళ్ళంటే ఇంటి ముందు షామియానా, లేదంటే దగ్గర్లోని ఫంక్షన్ హాలు. అలాంటిది, ఇటీవల పాతనగరంలోని చౌమహల్లా ప్యాలెస్‌లో జరిగిన ఒక నికాహ్‌కు మేము కొందరం కలిసి వెళ్ళివచ్చాం. దావత్ సంగతి అలా ఉంచి, ఆ మహల్ సంగతి మనవాళ్ళకు నాలుగు మాటల్లో చెప్పాలనిపించింది.

సికింద్రాబాద్ వాళ్ళం కదా, మనకూ ఆ మహల్‌కూ ఏం సంబంధమని అనుకోనక్కర లేదు. మన ఊరికి 1806లో ఆ పేరు వచ్చింది మూడవ నిజాం సికందర్ జా వల్లనే. చార్మినార్ దాటి, లాడ్ బజార్ గాజుల దుకాణాల మధ్య నుంచి ఖిల్వత్ వైపు తిరిగితే ఆ వంశం వారి దర్బారు వస్తుంది.

చౌమహల్లా అంటే నాలుగు మహళ్ళు. అఫ్జల్ మహల్, మహతాబ్ మహల్, తహ్నియత్ మహల్, ఆఫ్తాబ్ మహల్ అని వాటి పేర్లు. 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ కాలంలో మొదలైన ఈ కట్టడం అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా (1857-69) హయాంలో పూర్తయింది. ఖిల్వత్ దర్బారు హాలులో పాలరాతి గద్దె, దాని మీద బెల్జియం గాజు షాండ్లియర్లు 19 ఉన్నాయి. ఒకప్పుడు ఇంగ్లీషు రెసిడెంటు అంతటివాడు కూడా నిజాం దర్బారులో జోళ్ళు విప్పి, కింద కూర్చోవలసిందే. 1869లో, మూడేళ్ళయినా నిండని మహబూబ్ అలీ ఖాన్ గద్దె ఎక్కినప్పుడు ఆ మర్యాద పోయింది. రెసిడెంటు బూట్లతోనే వచ్చి కుర్చీ వేయించుకున్నాడు. రాజ్యం ఎవరి చేతుల్లోకి పోయిందో చెప్పడానికి ఆ ఒక్క కుర్చీ చాలు.

తర్వాత కాలంలో ఈ మహల్ కూడా శిథిలమైంది. 45 ఎకరాల ఆవరణ 12 ఎకరాలకు తగ్గిపోయింది. 2000 నుంచి యువరాణి ఎస్రా పూనికతో మరమ్మతులు జరిగి, 2005లో ప్రజలకు తలుపులు తెరిచారు. 2010లో యునెస్కో పురస్కారం వచ్చింది. 2023 జనవరిలో ముకర్రం జా భౌతికకాయాన్ని ప్రజలు కడసారి చూసుకున్నదీ ఇక్కడే.

అయితే పెళ్ళి ప్రస్తావన వచ్చింది గనుక ఒక విశేషం చెప్పాలి. ఇంత పెద్ద మహల్ ఉండి కూడా, ఏడవ నిజాం కొడుకులిద్దరి నికాహ్ ఇక్కడ జరగలేదు. 1931 నవంబరు 12న ఫ్రాన్సులోని నీస్ పట్టణంలో జరిగింది. పదవి పోయి, దేశం పోయి, నిజాం పంపే నెలసరి భత్యం అందుకుంటున్న ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ అక్కడే తలదాచుకున్నారు. ఆయన కూతురు దుర్రెషెహ్వార్‌ను ఆజం జాకు, అదే వంశపు నీలోఫర్‌ను మొఅజ్జం జాకు ఇచ్చారు.

ఆనాటి విందులో ఏం వడ్డించారో ఇవాళ ఎవరికి గుర్తుంది? కానీ నీలోఫర్ ఆసుపత్రి తెలియని తల్లి మన బస్తీల్లో ఉందా? తన దగ్గర పనిచేసే పరిచారిక కాన్పులో చనిపోతే, ఆ కష్టం ఇంకే తల్లికీ రాకూడదని పిల్లలు లేని ఆ కోడలు తలపెట్టిన ఆసుపత్రి అది. 1953లో రెడ్‌హిల్స్‌లో వెలసింది. పెద్దకోడలు పేరుతో పురానీ హవేలీలో మరో ఆసుపత్రి ఉంది.

చారిత్రక భవనాల్లో పెళ్ళిళ్ళు చేసుకోవద్దని మేము అనం. మనుషులు మసిలే ఇల్లే నిలుస్తుంది. గోడలకు మేకులు కొట్టకుండా, పాలరాతి మీద కూర మరకలు పడకుండా చూసుకుంటే చాలు. కాకపోతే, ఒక్క రాత్రి వెలుగుల కోసం అప్పుచేసి, ఆడపిల్ల తండ్రి పదేళ్ళు వడ్డీ కట్టుకోవడం మాత్రం తగదు. నికాహ్‌కు కావలసింది ఇద్దరి సమ్మతి, మహర్, సాక్షులు. షాండ్లియర్ల లెక్క అందులో లేదు. మిగిలిన డబ్బుతో బస్తీలో ఒక్క బిడ్డ చదువు సాగినా, ఒక్క తల్లికి మందులు అందినా, ఆ పెళ్ళిని నలుగురూ కలకాలం చెప్పుకుంటారు.