యాజమాన్యం

ఈ మాటకు మూలం సంస్కృత ధాతువు 'యజ్'. యజమానుడంటే తన కోసం యజ్ఞం చేయించుకునేవాడు. క్రతువు నడిపేది ఋత్విక్కులు. ఖర్చూ దక్షిణా ఆయనవి, ఫలమూ ఆయనదే. తెలుగులో యాజమాన్యం బడికీ ఫ్యాక్టరీకీ పాకింది; వ్యవసాయ పాఠాల్లో వరికి నీటి యాజమాన్యం కూడా ఉంది.

సొంతం కానిదానికి యాజమాన్యం వహించిన ఉదాహరణ ఒకటుంది. 2009 జనవరిలో హైదరాబాద్ ఐటీ సంస్థ సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడింది. కేంద్రం పాత బోర్డును తప్పించి మొదట దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌లను నియమించింది. వాళ్లు సంస్థకు యజమానులు కారు. అయినా జీతాలకు బ్యాంకు అప్పు తెచ్చారు, బెదిరిన క్లయింట్లకు ధైర్యం చెప్పారు, ఏప్రిల్‌లో వేలం పెట్టి టెక్ మహీంద్రాకు అప్పగించారు. నా దృష్టిలో అసలైన యాజమాన్యం ఆ మూడు నెలలదే. వేలమంది ఉద్యోగాలు దానిమీదే నిలిచాయి.