ఆయిల్ బ్రేకుల ట్రాక్టరు: నూనె ఎంపిక

ఆయిల్ బ్రేకులున్న ట్రాక్టరులో గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, బ్రేకు ప్లేట్లు, చాలా మోడళ్లలో హైడ్రాలిక్ లిఫ్టు కూడా ఒకే నూనెతో నడుస్తాయి. ఆర్మూరు చుట్టూ పసుపు, వరి పండించే రైతు దీన్ని తప్పక తెలుసుకోవాలి. ఆ నూనె గేరు పళ్లను అరగనివ్వకూడదు, బ్రేకు ప్లేట్లను అదరనివ్వకూడదు. రెండో పని అందులో కలిపిన ఫ్రిక్షన్ మాడిఫయర్‌ది. కంపెనీ పుస్తకంలో యూటీటీవో (యూనివర్సల్ ట్రాక్టర్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్) రకం అని ఉంటే అదే పోయాలి. చవకని మామూలు జీఎల్-5 గేర్ ఆయిల్ పోస్తే బ్రేకు తొక్కినప్పుడల్లా కీచుమని అరుపు, వణుకు. లిఫ్టు కూడా మొరాయించవచ్చు.

క్లచ్ ప్లేట్ల లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉన్న కారుదీ ఇదే సమస్య, మందు వేరు. దాని ఇరుసుకు సాధారణంగా జీఎల్-5 నూనే కావాలి, కానీ ఫ్రిక్షన్ మాడిఫయర్ కలిసి ఉండాలి. లేకపోతే మలుపు తిరిగేటప్పుడు వెనక ఇరుసు టకటక కొట్టుకుంటుంది. మోతాదు మించితే ప్లేట్లు జారి, బురదలో ఒక్క చక్రమే ఊరికే తిరుగుతుంది. మామూలు ట్రాక్టరుకు ఆ ప్లేట్ల బదులు డిఫరెన్షియల్ లాక్ పెడల్ ఉంటుంది. బండి తిన్నగా పోతున్నప్పుడే దాన్ని తొక్కాలి.

కరిగెట్టు దున్నాక డిప్‌స్టిక్ తీసి చూడాలి. నూనె మజ్జిగలా తెల్లబడితే నీరు చేరినట్టే. పైన కొత్తది కలిపితే లాభం లేదు. మొత్తం తీసేసి, పోయిన సీలు మార్చి, కొత్త నూనె నింపాలి. పసుపు తవ్వకాలు మొదలుకాకముందే ఆ పని ముగించుకోండి.