సరంగు దినచర్య: ఆవిరి నౌకల డెక్కుపై పని, పెత్తనం

ఉపోద్ఘాతం

పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధం నుంచి రెండో ప్రపంచయుద్ధం వరకు హిందూ మహాసముద్రంలో తిరిగిన బ్రిటిష్ ఆవిరి నౌకలలో డెక్కు సిబ్బందిపై పెద్దరికం సరంగుది. వలసపాలన నాటి నివేదికలు ఇతనిని ప్రధానంగా కళాసీలను కుదిర్చే దళారిగా, వారి జీతంలో వాటా గుంజుకునే పెత్తందారుగా చూపాయి. అందుకు ఆధారాలు లేకపోలేదు. అయితే విచారణ సంఘాల ముందు నడిచిన వాదోపవాదాల నుంచి రూపొందిన ఆ చిత్రంలో అతని రోజువారీ పని దాదాపు కనిపించదు. ఆ పనిని పక్కనపెడితే, అతని పెత్తనాన్ని కంపెనీలు అన్నాళ్లు ఎందుకు భరించాయో బోధపడదు.

పదాలు, హోదాలు

సరంగు అనే మాటకు మూలం పారశీకంలోని ‘సర్‌హంగ్’. నాయకుడని దాని అర్థం. అతని కింద తండేలు, ఆ కింద కళాసీలు. చుక్కాని పట్టేవాడు ‘సుక్కానీ’. అరబ్బీ ‘సుక్కాన్’ నుంచి వచ్చిన ఈ మాటకు మన ‘చుక్కాని’ దగ్గరి చుట్టం. సామాను కొట్టు చూసేవాడు కసాబు, వంటవాడు భండారీ. ఈ బృందం పని నడిపిన భాష లస్కరీ. హిందుస్తానీ, పోర్చుగీసు, అరబ్బీ, ఇంగ్లీషు మాటలు అందులో కలగాపులగంగా ఉండేవి. థామస్ రోబక్ 1811లో ఇంగ్లీషు–హిందుస్తానీ నౌకా నిఘంటువును వెలువరించాడు. ఆజ్ఞ ఇచ్చే అధికారికీ, ఆజ్ఞ అమలు చేసే మనిషికీ ఉమ్మడి భాష లేకపోవడమే అటువంటి గ్రంథాల అవసరానికి కారణం. నిఘంటువు ఎంత ఉన్నా, గాలివానలో దానిని తిరగేసే తీరిక ఎవరికి ఉంటుంది? అక్కడ నిఘంటువు సరంగే.

రేవు చేరిన రోజు

1856లో కలకత్తా అండ్ బర్మా పేరుతో మొదలై, 1862లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీగా మారిన సంస్థ నౌకలు కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల మీదుగా నడిచేవి. కలకత్తాలో కుదిరిన డెక్కు సిబ్బందిలో నోఆఖాలీ, చిట్టగాంగ్ ప్రాంతాలవారు ఎక్కువ. ఈ నౌకల్లో తెలుగువారు డెక్కు పనివారిగా కంటే రంగూన్ వెళ్లే డెక్కు ప్రయాణికులుగానే అధికం.

కాకినాడలో తీరం లోతు తక్కువ కావడంతో పెద్ద నౌకలు మైళ్ల దూరాన లంగరు వేసేవి. సరంగు తీరికలేనితనం అటువంటి రోజున పరాకాష్ఠకు చేరేది. వెలుగు రాకముందే డెక్కు కడిగించాలి. చీఫ్ ఆఫీసర్ దగ్గర ఆనాటి పనులు విని, తండేళ్లకు మనుషులను పంచాలి. రేవు దగ్గరపడగానే సరంగు ముందు భాగంలో లంగరు యంత్రం వద్ద నిలిచేవాడు. గొలుసు ఎంత వదలాలో అధికారి చెబుతాడు. అది పరుగెత్తేటప్పుడు దగ్గర ఎవరూ లేకుండా చూడవలసినవాడు సరంగు. లంగరు నిలిచిందో లేదో, పక్క నిచ్చెన దింపించాలి, డెరిక్కులు లేపించాలి, సరుకు అరల మూతలు తీయించాలి. కెరటాలకు ఎగిరిపడే పడవలు ఓడ పక్కకు చేరేవి. నూనెగింజల బస్తాలు పైకి లేస్తుండగా అదే డెక్కుపైకి మూటాముల్లెలతో కూలీల కుటుంబాలు ఎక్కేవి. ప్రయాణికుల నివాసమూ కళాసీల పనిచోటూ ఒకటే. వేలాడే బస్తాల వలకు, కింద కూర్చున్న పసివాడికి మధ్య ఉన్న రక్షణ సరంగు ఈల ఒక్కటే. మెడలోని వెండి గొలుసుకు వేలాడే ఆ ఈల అలంకారమని తీరంలోనివారికి తోచవచ్చు.

లేపు, దించు అనడానికి ‘హబేస్’, ‘ఆరియా’ అనేవారు. రెండోది పోర్చుగీసు ‘అర్రియార్’ రూపమే. ఈ రెండు మాటల మధ్య క్షణం తడబాటు వచ్చినా పడవలోని మనిషికి ప్రాణాపాయం.

సాయంత్రానికి పని వ్యతిరేక దిశలో నడిచేది. అరలపై పలకలు పేర్చి, టార్పాలిన్ కప్పి, అంచుల వెంట చెక్క మేకులు బిగించాలి. తుఫాను కాలంలో ఒక మేకు సడలినా అరలోకి నీరు చేరుతుంది. అందువల్ల ఒక్కొక్క మేకును సరంగు చేత్తో తడిమి చూసుకోవలసి వచ్చేది. ఆపై లంగరు ఎత్తడం, రాత్రి ప్రయాణం.

లెక్కకు రాని గంటలు

ఈ రోజుకు గంటల పరిమితి లేదు. లస్కర్ల ఒప్పందాలు పనివేళలను నిర్దేశించలేదు; పిలిచినప్పుడల్లా రావలసిందే. వారి జీతం యూరోపియన్ నావికుని జీతంలో మూడో వంతు నుంచి ఐదో వంతు వరకు మాత్రమే. 1920 జెనోవా అంతర్జాతీయ కార్మిక సమావేశంలో నావికులకు 8 గంటల పనిదినం, 48 గంటల వారం ప్రతిపాదించిన ముసాయిదా, మూడింట రెండు వంతుల మద్దతు స్వల్ప తేడాతో దక్కక వీగిపోయింది. నియామకాల సంస్కరణపై భారతదేశంలో 1922 నాటి క్లో సంఘం చేసిన సిఫారసులు కూడా చాలాకాలం అమలుకు నోచుకోలేదు.

ఇక్కడే సరంగు రెండు ముఖాలు కలుస్తాయి. కళాసీలు తరచు అతని ఊరివారు, బంధువులు. కుదిరే ముందు బస ఇంటి యజమానికి, సరంగుకు బాకీపడినవారు. మళ్లీ పని దొరకాలంటే అతని దయ ఉండాలి. పదహారు గంటలు పనిచేయమన్నా కళాసీ ఎదురు చెప్పకపోవడానికి ఈ బాకీ ఒక కారణం. కంపెనీకి విడిగా క్రమశిక్షణ యంత్రాంగం పెట్టుకునే ఖర్చు తప్పింది. సరంగు లంచగొండితనాన్ని అధికారులు నిందించడంలో నిజం ఉన్నా, ఆ లంచంలోంచే తమ నౌకల చౌక శ్రమ పుట్టుకొస్తున్న సంగతిని వారు ప్రస్తావించినది తక్కువ. మరోవైపు తిండి చాలలేదన్నా, ఒకడు జ్వరంతో పడుకున్నా అధికారి వద్దకు వెళ్లి మాట్లాడేది కూడా సరంగే.

1939 శరత్కాలంలో బ్రిటన్, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, బర్మా రేవులలో భారతీయ నావికులు జీతాల పెంపు కోరుతూ సమ్మెకు దిగినప్పుడు ఈ అమరిక బీటలు వారింది. అనేకులు జైలు పాలయ్యారు. అయినా జీతాలు పెరిగాయి.

నౌకా దినచర్య పుస్తకాన్ని ఇంగ్లీషులో రాసేది అధికారులు. కాకినాడలో గడిచిన అటువంటి రోజు అందులో లంగరు వేసిన సమయం, ఎత్తిన సమయం, సరుకు లెక్క, సిబ్బంది వివిధ పనులలో ఉన్నారన్న ఒక్క వాక్యంగా మిగిలేది. 1927లో బొంబాయిలో భారతీయ అధికారుల శిక్షణకు ‘డఫరిన్’ నౌకను ఏర్పాటు చేసినప్పుడు కూడా, అది చదువుకున్న బాలుర కోసమే. ఏళ్లతరబడి డెక్కు నడిపిన సరంగుకు ఆ దారి లేదు.

తండేలు అనే మాట మాత్రం తెలుగు తీరాన్ని విడువలేదు. గుజరాత్‌లోని వీరావల్ మరపడవలలో చేపల వేటకు వలస వెళ్లే శ్రీకాకుళం మత్స్యకారులు తమ పడవ పెద్దను నేటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. బయలుదేరే ముందు ఊరిలో మనుషులను కూడగట్టేది అతడే.